అవ్వ మందు గెలిచిందా?

పిల్లలూ! కిందటి వేసవి సెలవుల్లో మా చెల్లెలి ఇంటికని సూరారం వెళ్ళాను. హైదరాబాదుకు ఉత్తరాన, జీడిమెట్ల ఫ్యాక్టరీలు దాటి, నర్సాపూర్ పోయే రోడ్డు మీద ఉంటుంది సూరారం. ఒకప్పుడది చెరువూ, కట్ట మైసమ్మ గుడీ, చుట్టూ పొలాలూ ఉన్న పల్లె. ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో నగరం అంచున కిక్కిరిసిన కాలనీ. కాలనీలైతే పెరిగాయి గాని, వీధి కుక్కలు మాత్రం పల్లెనాటి లెక్కలోనే ఉన్నాయి. ప్రతి సందుకూ రెండో మూడో!

నేను వెళ్ళిన రెండో రోజునే ఒక తగవు నా దగ్గరకు వచ్చింది. ఎదురింట్లో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, ఆ పక్కింట్లో డెబ్బయి ఏళ్ళ అవ్వ. తగవు ఈ ఇద్దరి మధ్యా. కారణం రెండు కుక్కపిల్లలు.

ఆ సందులోని ఒక వీధికుక్క పిల్లల్ని పెట్టింది. గోధుమరంగు పిల్లను అమ్మాయి తెచ్చుకుని లడ్డు అని పేరు పెట్టింది. నల్లపిల్లను అవ్వ మనవడు తెచ్చుకున్నాడు. దాని పేరు నల్లోడు. రెండున్నర నెలల వయసులో రెండింటికీ ఒకే వారంలో జబ్బు చేసింది. తిండి మానేయడం, వాంతులు, ఆ తర్వాత దుర్వాసనతో నెత్తుటి విరేచనాలు. లడ్డును పశువుల దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు చూసి పార్వో వ్యాధి అన్నాడు, సెలైన్ ఎక్కించాడు. అయినా ఆ తెల్లవారు జామున లడ్డు చనిపోయింది. నల్లోడిని ఎక్కడికీ తీసుకుపోలేదు. అవ్వ ఎల్లిగడ్డ, వాము కలిపి నూరి, సల్లలో కలిపి పోసింది. నల్లోడు బతికాడు.

"సూసినవా బిడ్డా! దవాఖాన్లకు పోయిన పిల్ల సచ్చిపాయె, నా సేతి మందు తాగిన పిల్ల ఉరుకుతుండె" అని అవ్వ అందరికీ చెబుతోంది. చెప్పదా మరి? నల్లోడు నిజంగానే ఆవిడ కాళ్ళ చుట్టూ ఉరుకుతున్నాడు!

అమ్మాయి నన్ను అడిగింది. "మామా, మేం దవాఖానకు తీస్కపోకుండ ఉంటే లడ్డు బతికేదా?"

ఈ ప్రశ్న చిన్నది కాదు సుమా! ఆ పిల్ల నెల రోజులుగా ఈ ఒక్క మాటనే మనసులో పెట్టుకుని కుమిలిపోతోంది. తన కుక్కపిల్లను తానే చంపుకున్నానని దాని అనుమానం. అవ్వ మూఢురాలు, డాక్టరు మేధావి అని ఒక ముక్కలో తేల్చేస్తే ఆ అనుమానం తీరదు. కళ్ళెదుట కనబడుతున్న సాక్ష్యం అవ్వ పక్షాన ఉంది గదా! అందుకని సాక్ష్యాన్నే విచారిద్దాం అన్నాను. ఒక నోటుపుస్తకం తెమ్మన్నాను. ఏ రోజు ఏం జరిగిందో, ఏ పిల్లకు ఎప్పుడు ఏం పోశారో ఇద్దర్నీ అడిగి రాయించాను.

రాస్తుంటే ఒక సంగతి బయటపడింది. లడ్డు తిండి మానేసింది ఆదివారం. సోమవారం వాంతులు మొదలయ్యాయి. దవాఖానకు తీసుకుపోయింది బుధవారం సాయంత్రం. మరి సోమ, మంగళవారాలు లడ్డుకు ఏం పోశారు? అవ్వ మందే! అదే ఎల్లిగడ్డ, అదే వాము, అదే సల్ల. పూటకు రెండు చెంచాలు. అమ్మాయి స్వయంగా నోరు తెరిచి పోసింది. ఆ సంగతి అవ్వా మరిచిపోయింది, అమ్మాయీ మరిచిపోయింది. సందులో వాళ్ళకు అసలు తెలియనే తెలియదు.

ఇప్పుడు లెక్క చూడండి. అవ్వ మందు తాగిన పిల్లలు ఒకటి కాదు, రెండు. ఒకటి బతికింది, ఒకటి చచ్చింది. దవాఖాన ఖాతాలో పడ్డ చావు సగం అవ్వ ఖాతాలోది కూడా. పోనీ, అవ్వ మందు ఓడిపోయినట్టేనా? అదీ కాదు. రెండు కుక్కపిల్లలతో ఏదీ రుజువు కాదు. మనకు కావలసిన జవాబు ఈ రెండింటి దగ్గర లేదు. ఆ జబ్బు దగ్గర ఉంది.

పార్వో అంటే లాటిన్ భాషలో చిన్నది అని అర్థం. పేరుకు తగ్గట్టే వైరస్‌లలో కెల్లా చిన్నవాటిలో ఇదొకటి. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అలాంటివి దాదాపు పాతిక భాగాలు ఉంటుంది దీని వెడల్పు. అంత చిన్నదానికి సొంతంగా పెరిగే సరంజామా ఉండదు. అందుకని చురుగ్గా విభజన చెందుతున్న జీవకణాలను వెతుక్కుంటుంది. కుక్కపిల్ల శరీరంలో అలాంటి కణాలు ఎక్కడ ఉంటాయి? ఒకటి ఎముకల మూలుగలో. అక్కడే తెల్ల రక్తకణాలు తయారవుతాయి. రెండోది పేగు లోపలి గోడలో.

పేగు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మొత్తం తగవు అక్కడే ఉంది. పేగు లోపలి గోడ మఖమల్ గుడ్డలా ఉంటుంది. సన్నని మొలకల్లాంటివి లక్షల సంఖ్యలో లేచి ఉంటాయి. తిన్నదీ తాగిందీ ఒంటికి పట్టేది వాటి ద్వారానే. ఆ మొలకల మీది కణాలు మూడు నాలుగు రోజులకే రాలిపోతాయి. వాటి స్థానంలో కొత్తవి రావాలి. ఆ కొత్త కణాలు మొలకల మొదట్లో ఉన్న చిన్న చిన్న గుంటల్లో పుడతాయి. వరి పొలమూ నారుమడీ ఎలాగో ఇదీ అలాగే అన్నమాట. పార్వో వైరసు పొలాన్ని వదిలేసి నేరుగా నారుమడిని తగలబెడుతుంది. పాత కణాలు మామూలుగానే రాలుతుంటాయి, నాటడానికి కొత్త నారు ఉండదు. నాలుగు రోజులకు పేగు గోడ బోడిదై, పుండై, రక్తం కారుతుంది. అమ్మాయి చూసిన నెత్తుటి విరేచనాలు ఇవే.

అంతలో మూలుగ కూడా దెబ్బతిని తెల్ల రక్తకణాలు పడిపోతాయి. పేగులో మామూలుగా ఉండే బాక్టీరియా పుండ్లలోంచి రక్తంలోకి జొరబడుతుంది. అడ్డుకునే కాపలావాళ్ళు ఉండరు. పశువైద్యులు యాంటిబయాటిక్ ఇచ్చేది ఈ బాక్టీరియా కోసం. వైరసును యాంటిబయాటిక్ ఏమీ చేయలేదు.

ఇక నీటి లెక్క. లడ్డు బరువు రెండు కిలోలు అనుకుందాం. అందులో నూరు మిల్లీలీటర్ల నీరు పోతే, అంటే ఒక చిన్న టీ గ్లాసు, శరీర బరువులో 5 శాతం పోయినట్టు. అప్పుడు గాని కళ్ళకు తేడా కనబడదు. రెండు టీ గ్లాసులు దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే. మనిషికి రెండు టీ గ్లాసుల చెమట పోయినా ఏమీ కాదు. సోమవారం నుంచి బుధవారం సాయంత్రం దాకా వాంతులూ విరేచనాలూ కలిపి లడ్డు ఒంట్లోంచి ఎన్ని టీ గ్లాసులు పోయి ఉంటాయో మీరే ఊహించండి.

దీన్ని పరీక్షించే తేలిక పద్ధతి ఒకటుంది. మీ ముంజేతి వెనుక చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి పైకి లాగి వదలండి. ఠక్కున వెనక్కి పోతుంది. కుక్కపిల్ల భుజాల మధ్య చర్మాన్ని అలాగే లాగి వదిలితే ఠక్కున పోవాలి. మెల్లగా పోతే, చిగుళ్ళు తడిగా కాక జిగటగా ఉంటే, నీరు తగ్గిందని అర్థం. ఇది చూడడానికి ఏ పరికరమూ అక్కర్లేదు.

ఇక్కడ మీలో తెలివైన వాళ్ళు ఒక ప్రశ్న వేయాలి. నీరు పోతే నీరు పోయవచ్చు గదా? ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు విరేచనాలకు మందని బడిలో చెప్పారు గదా? అది ఇంటి వైద్యం కాదా?

భేషైన ప్రశ్న! అది ఇంటి వైద్యమే. అంతేకాదు, మన దేశం గర్వించదగ్గ ఇంటి వైద్యం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చిపడ్డారు. శిబిరాలలో కలరా చెలరేగింది. బనగాఁవ్ ఆసుపత్రిలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ పనిచేస్తున్నాడు. నరానికి ఎక్కించే సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. ఆయన ఉప్పు, గ్లూకోజు, వంట సోడా కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతికే గ్లాసులిచ్చి తాగించమన్నాడు. శిబిరాలలో నూటికి 30 దాకా ఉన్న చావులు ఆయన చూసిన రోగుల్లో 4 లోపుకు దిగాయి. ఆ తర్వాత ఢాకాలో శాస్త్రజ్ఞులు గ్లూకోజుకు బదులు బియ్యప్పిండి వేసి చూశారు. అదీ పనిచేసింది. అంటే మన ఇళ్ళలో ఉప్పువేసి ఇచ్చే గంజి ఉత్త చాదస్తం కాదన్నమాట!

అదెలా పనిచేస్తుందో చూడండి. పేగు గోడ కణాలకు ఒక వింత ద్వారం ఉంది. ఉప్పులోని సోడియమూ, గ్లూకోజూ జంటగా వస్తేనే అది తెరుచుకుంటుంది. వాటి వెంట నీరు లోపలికి పోతుంది. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడు 1960లో ఈ కిటుకు బయటపెట్టాడు. కలరా క్రిమి విషం చిమ్మి నీటిని బయటకు తోడేస్తుంది గాని, కణాలను చంపదు. ద్వారాలు అలాగే ఉంటాయి. అందుకే ఉప్పు-చక్కెర నీళ్ళు పనిచేస్తాయి.

పార్వోలో ఆ కణాలే రాలిపోతున్నాయి. ద్వారం పెట్టిన గోడే కూలిపోయాక ఎవరు లోపలికి రాగలరు? పైగా కుక్కపిల్ల ఆగకుండా వాంతి చేసుకుంటోంది. పోసిన నీళ్ళు పేగు దాకా పోనే పోవు. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకో ముప్పు. అందుకే సూదితో నేరుగా రక్తనాళంలోకి ఉప్పునీరు ఎక్కించాలి. అది ఇంట్లో చేసే పని కాదు.

అయితే దవాఖానలో చేసేది మాత్రం ఏమిటి? లడ్డు జబ్బు పడిన నాడు ఆ డాక్టరు దగ్గర ఆ వైరసును చంపే మందేమీ లేదు. అమెరికాలో 2023లో ఆ వైరసుకు అతుక్కుపోయే ప్రతిరక్షకాల సూదిమందుకు అనుమతి ఇచ్చారు గాని, మామూలుగా పశువైద్యుడు చేసేది కుక్కపిల్లను నాలుగైదు రోజులు బతికించి ఉంచడమే. నీరు ఎక్కిస్తాడు, వాంతులు ఆపుతాడు, బాక్టీరియాను అదుపులో పెడతాడు. ఈలోగా కుక్కపిల్ల శరీరమే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది, నారుమడి మళ్ళీ మొలకెత్తుతుంది. డాక్టరు ఇచ్చేది గడువు. సకాలంలో తీసుకుపోయి, ఉంచి చికిత్స చేస్తే పదింట ఎనిమిది తొమ్మిది పిల్లలు బతుకుతాయి. ఏమీ చేయకపోతే పదింట తొమ్మిది దాకా చచ్చిపోవచ్చు.

ఈ చివరి అంకెను ఇంకోసారి చదవండి. పదింట తొమ్మిది చచ్చిపోతే మిగిలిన ఒకటి? అది తనంతట తాను బతుకుతుంది! నూరు పిల్లలుంటే పది. ఆ పదింటి యజమానులు చేతులు కట్టుకుని కూర్చుంటారా? ఒకరు ఎల్లిగడ్డ పోస్తారు, ఒకరు పసుపు నీళ్ళు, ఒకరు తాయెత్తు కడతారు, ఒకరు దిష్టి తీస్తారు. పది రకాల మందులకూ పది సాక్ష్యాలు దొరుకుతాయి. చచ్చిన తొంబై పిల్లల యజమానులు తమ మందును గురించి ఎక్కడా చెప్పుకోరు. మన చెవిన పడేవి బతికిన కథలే. దవాఖాన పరిస్థితి సరిగ్గా తలకిందులు. తేలికగా జబ్బు పడ్డవి అక్కడికి రానే రావు. ఇంట్లో అన్నీ అయిపోయి, చివరి ఘడియల్లో ఉన్నవే అటు వస్తాయి. చావు అక్కడ జరుగుతుంది, పేరు అక్కడికి పోతుంది.

మరి నల్లోడు ఎందుకు బతికాడు? ఖచ్చితంగా చెప్పలేం గాని ఊహించడానికి ఒక ఆధారం ఉంది. పుట్టిన మొదటి రోజు తల్లి ఇచ్చే ముర్రుపాలలో ప్రతిరక్షకాలు ఉంటాయి. ఒకే ఈతలో పుట్టిన పిల్లలన్నిటికీ అవి సమంగా అందవు. బలమైనది తోసుకొచ్చి ఎక్కువ తాగుతుంది, బలహీనమైనది వెనకపడుతుంది. రెండు మూడు నెలలకు ఆ అరువు రక్షణ క్రమంగా కరిగిపోతుంది. ఎక్కువ తాగినదానికి ఇంకా కొంచెం మిగిలి ఉండవచ్చు. నోటుపుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది. నల్లోడు వాంతి చేసుకున్నది మొత్తం మీద రెండుసార్లే. లడ్డు మొదటి రోజే ఆరుసార్లు. ఒకే జబ్బు అయినా రెండూ ఒకే మోతాదులో పడలేదు.

ఎల్లిగడ్డ సంగతి చెప్పకుండా వదలడం న్యాయం కాదు. మనకు మేలుచేసే ఎల్లిగడ్డా ఉల్లిగడ్డా కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. మనం జ్వరానికి మింగే పారాసెటమాల్ బిళ్ళ కూడా కుక్కకు ప్రమాదమే. పిల్లికైతే మరీ ఘోరం. నల్లోడు తాగింది కొద్దిపాటి గనక తట్టుకున్నాడు. అతడు ఎల్లిగడ్డ వల్ల బతకలేదు, ఎల్లిగడ్డ పోసినా బతికాడు అని నా అభిప్రాయం.

ఇదంతా అవ్వకు చెబితే ఆవిడ ఒప్పుకోలేదు. "మా అమ్మ, మా అమ్మమ్మ గిట్లనే జేసిన్రు. ఎన్ని కుక్కల్ని సాదలేదు? ఎన్ని బర్రెల్ని సాదలేదు?" అంది.

నేను అవ్వను తేలిగ్గా తీసిపారేయను. తరతరాల అనుభవం గొప్పది. పొదుగువాపుకు కలబంద, పసుపు, సున్నం నూరి రాసే వైద్యాన్ని జాతీయ పాడి అభివృద్ధి మండలే రైతులకు చెబుతోంది. చైనాలో తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలు నాలుగో శతాబ్దం నాటి వైద్య గ్రంథంలోని ఒక ఆకు మందు పట్టుకుని, 1971-72లో మలేరియాకు ఆర్టెమిసినిన్ అనే మందు తీసింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆమె గ్రంథంలో ఉందని ఊరుకోలేదు. ఎలుకల మీద, కోతుల మీద, తర్వాత తన మీదనే పరీక్షించి చూసింది.

కాని అవ్వ వాదనలో ఒక లోపం ఉంది. అది ఆవిడ తప్పు కాదు. ఆవిడ అమ్మమ్మ కాలంలో ఈ జబ్బు లేనే లేదు! కుక్కల పార్వో వైరసు ప్రపంచం కంటబడింది 1978లో. 1970ల మధ్యకు ముందు నిల్వచేసిన కుక్కల రక్తరసాలను వెతికితే ఆ వైరసు తాలూకు ప్రతిరక్షకాలు కనబడలేదు. పిల్లులకు వచ్చే ఒక పాత వైరసుకు ఇది దగ్గరి చుట్టం. ఎక్కడో రూపం మార్చుకుని కుక్కల మీదికి దూకింది. రెండేళ్ళలో భూగోళం చుట్టేసింది. 1980ల తొలినాళ్ళకు మద్రాసులో కూడా కనబడింది. అవ్వకు ఆమె అమ్మమ్మ నేర్పిన మందు వయసు వందేళ్ళ పైమాట. ఈ జబ్బు వయసు యాభై ఏళ్ళు. పూర్వులు ఎంత అనుభవజ్ఞులైనా పుట్టని జబ్బుకు మందు కనిపెట్టలేరు గదా! ఈ మాట చెప్పాక అవ్వ కాసేపు ఏమీ అనలేదు. "గట్లనా?" అని మాత్రం అంది.

అవ్వ ఇంకో మాట కూడా అంది. "దవాఖాన బర్రెలకు గాని కుక్కలకా?" అని. నిజమే, పశువైద్యం పశుసంపద కోసమే మొదలైంది. ప్రపంచంలో మొదటి పశువైద్య పాఠశాలను ఫ్రాన్సులోని లియాన్‌లో 1761లో పెట్టింది పశువులను మందలకు మందలు తుడిచిపెడుతున్న రిండర్‌పెస్టును ఎదుర్కోవడానికే. ఆ వ్యాధిని టీకాలతో 2011 నాటికి భూమి మీదనే లేకుండా చేశారు. మన రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల 1946 నాటిది. అక్కడ చదివినవాళ్ళకు బర్రె, మేక, కోడి, కుక్క అన్నీ రోగులే.

ఇక అసలు నా అభిప్రాయం చెబుతాను. లడ్డు బుధవారం దాకా ఇంట్లో ఎందుకు ఉంది? మూఢనమ్మకం వల్ల అని పట్నంలో చదువుకున్నవాళ్ళు చప్పున అనేస్తారు. నేను నోటుపుస్తకంలో చూసింది వేరు. అమ్మాయి తండ్రి జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో రోజుకూలీ. సోమవారం సెలవు పెడితే కూలి పోతుంది. ఆటోకు డబ్బు. దవాఖానలో ఎంతవుతుందో తెలియని భయం. అవ్వ మందు ఉచితం, రెండు అడుగుల దూరంలో ఉంది, పైగా ప్రేమతో ఇస్తుంది. చేతిలో డబ్బు లేనివాడికి ఇంటి మందు నమ్మకం కాదు, ఆశ. దాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు, మీకూ లేదు. సర్కారు పశువైద్యశాలలు ప్రతి కాలనీకీ నడిచిపోయే దూరంలో, సాయంత్రం పనినుంచి వచ్చే వేళకు తెరిచి ఉంటే అవ్వ మందు ఆ రెండు రోజులు తినేది కాదు. కుక్కలున్నచోట కుక్కల వైద్యుడుండాలి. ఇది దానధర్మం కాదు, మనుషుల ఆరోగ్యం కూడా ఇందులో ఉంది.

ఎలాగంటారా? నోరు తెరిచి మందు పోసింది ఎవరు? ఎనిమిదో తరగతి పిల్ల! పార్వో మనుషులకు అంటదు. కాని జబ్బుపడ్డ వీధికుక్కపిల్లకు ఉన్నది పార్వోనో, పిచ్చికుక్క వ్యాధి అంటే రేబిసో ఇంట్లో ఎవరు చెప్పగలరు? చొంగ కారుతూ, మింగలేక, వింతగా ప్రవర్తిస్తున్న పిల్ల నోట్లో వేలు పెట్టడం ప్రాణాంతకం కావచ్చు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని కాపాడడం దాదాపు అసాధ్యం. కుక్కపిల్ల పన్ను గీరుకున్నా సరే, కారం, సున్నం, పసుపు అద్దకండి. కారుతున్న నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పెద్దవాళ్ళకు చెప్పి, అదే రోజు టీకాకు పోవాలి. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు వెళ్తే ఆ టీకా వేస్తారు. ఒకప్పుడు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అని భయపడేవాళ్ళం. ఆ పాత టీకాను మన దేశంలో 2005 నాటికి మానేశారు. ఇప్పుడు చేతికి నాలుగైదు సూదులే. ఇందులో తిట్లకు భయపడి దాచే పని పెట్టుకోవద్దు.

అయితే ఇంట్లో చేయగల పనే లేదా? ఎందుకు లేదు! కుక్కపిల్లను గాలి తగలని చోట గోనెపట్టా మీద వెచ్చగా ఉంచవచ్చు. వేరే కుక్కలకు దూరంగా పెట్టవచ్చు. అన్నిటికన్నా విలువైనది రాయడం. ఎప్పుడు తిండి మానేసింది, ఎన్నిసార్లు వాంతి, ఏ రంగు, ఎప్పుడైనా టీకా వేశారా, ఎవరైనా ఏదైనా పోశారా. డాక్టరు అడిగేవి ఇవే. అవ్వ మందు పోశారన్న సంగతి లడ్డును చూసిన డాక్టరుకు ఎవరూ చెప్పలేదని అమ్మాయి నాతో అంది. తిడతాడేమోనని భయమట.

చివరికి అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పాలి గదా. దవాఖానకు పోకుండా ఉంటే లడ్డు బతికేదా? బతికేది కాదమ్మా, దాదాపు ఖాయంగా. సోమవారమే పోయి ఉంటే బతికేదా? బహుశా బతికేది. ఖాయంగా అని చెప్పలేను, మంచి చికిత్స అందినా పదింట ఒకటో రెండో పోతాయి. ఈ రెండో జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాని అడిగినదానికి అబద్ధం చెప్పలేను. ఆ పిల్ల కాసేపు ఏడ్చింది. తర్వాత, "మళ్ళా ఇంకో పిల్లను తెచ్చుకోవచ్చా?" అని అడిగింది.

వెంటనే వద్దన్నాను. పార్వో వైరసు నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా కూడా ప్రాణం నిలుపుకుని ఉంటుంది. చెప్పులకు అంటుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. కరోనా వైరసుకు కొవ్వు పొర ఉంది గనక సబ్బుకు కరిగి చచ్చింది. దీనికి ఆ పొర లేదు. సబ్బు దీన్ని కడిగి పారేస్తుంది గాని చంపదు. ఫినాయిల్‌కూ సాధారణంగా లొంగదు. బ్లీచింగ్ ద్రావణం ఒక పాలుకు ముప్పై పాళ్ళ నీళ్ళు కలిపి, గచ్చును ముందు శుభ్రంగా కడిగి, తర్వాత పోసి పది నిమిషాలు ఉంచాలి. ఇది పెద్దవాళ్ళు చేయాల్సిన పని. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో దాన్ని ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. మట్టి నేలకు బ్లీచింగ్ కూడా అంతగా పనిచేయదు. వాళ్ళ వాకిలి సగం మట్టే.

టీకా సంగతి కూడా రాసి ఇచ్చాను. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటిది, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా. ఇన్నిసార్లు ఎందుకంటే, ముర్రుపాల నుంచి వచ్చిన అరువు రక్షణ ఉన్నంతకాలం అది టీకాను కూడా అడ్డుకుంటుంది. అది ఏ పిల్లకు ఏ వారంలో పోతుందో చూసి చెప్పలేం. అందుకని వరసగా వేసుకుంటూ పోవడమే.

వానాకాలంలో మా చెల్లెలు ఫోను చేసింది. అదే తల్లికుక్క మళ్ళీ ఈనిందట. అమ్మాయి ఒక తెల్లపిల్లను ఎంచుకుంది. టీకాలు పూర్తయ్యేదాకా దాన్ని మా చెల్లెలి ఇంట్లో మేడ మీద పెడతారట. మొదటి టీకాకు ఆదివారం నాడు ఎలాగూ తండ్రికి సెలవే గనక, ఒక ప్రైవేటు పశువుల డాక్టరు దగ్గరకు ఆటోలో బయలుదేరారు. ఆటో కదిలేలోపు పక్కింటి అవ్వ గేటు తీసుకుని వచ్చి ఎక్కి కూర్చుంది. "నువ్వు కిందేస్తవ్, ఇటియ్యి" అని కుక్కపిల్లను కొంగులో చుట్టుకుంది. దవాఖానలో డాక్టరును నల్లోడికి కూడా సూది అవసరమా అని అడిగిందట. ఆయన అవసరమే అన్నాడట. "మరి ముందుగాల్నే జెప్పొద్దా?" అని ఆయన మీద కోప్పడిందట.

నోటుపుస్తకం అమ్మాయి దగ్గరే ఉంది. తెల్లపిల్ల బరువు వారం వారం రాస్తోందట. పేరు ఇంకా పెట్టలేదు.